పనిలేని స్త్రీలెందరు?

2011 వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున జనాభా లెక్కల పని ఉపాధ్యాయుల కప్పగింపబడినపుడు, నరసాపురమునకు చేరువనున్న మా గ్రామములో నాలుగు వీధులు మా వంతునకు వచ్చినవి. ఆ నెల 9 వ తేదీ మొదలు 28 వ తేదీ వరకు, పాఠశాల విడిచిన వెంటనే పత్రములసంచి భుజమునకు తగిలించుకొని యింటింటికి తిరిగితిమి. ఎక్కడికి పోయినను అరుగుమీద పురుషుడే యెదురయ్యెను. అతని నడుగుట, అతడు చెప్పినది వ్రాసికొనుట, ఇదియే మా పని. యజమాని పేరు, వయస్సు, చదువు, వృత్తి. పిదప అతని భార్య. "మీ భార్యగారు ఏమి చేయుదురు?" అని మేమడుగుటయు, "ఏమీ లేదండి, ఇంట్లోనే ఉంటుంది" అని వారు చెప్పుటయు, ఒక యింటికిని మరియొక యింటికిని భేదము లేక జరిగినది. మేమును గత సంవత్సరములో పని చేయలేదని అంకె వేసి, గృహకృత్యములని గుర్తించి, పై యింటికి సాగుచుంటిమి.

కట్టకడపట మా యింటి వంతు వచ్చినది. అది సంధ్యవేళ. మా తల్లిగారు వసారాలో స్తంభమునకు చేరగిలబడి లేసు అల్లుచుండిరి. మేము ఆమె యెదుటనే కూర్చుండి, ఆమెను ఒక్క మాటయైన నడుగక, ఆమె పేరున కెదురుగ "పని చేయలేదు, గృహకృత్యములు" అని గుర్తులు వేసితిమి. వ్రాయునపుడు పైకి చదువుట మాకలవాటు. ఆమె సూది నిలిపి, "ఏమని వ్రాశావు నాయనా?" అని యడిగిరి. చెప్పితిమి. ఆమె కోపపడలేదు. చేతిలోని అల్లికను వెలుతురున కెత్తి చూచుకొని, "అయితే నీ చదువుకి ఫీజు ఎవరు కట్టారో ఆ కాగితంలో రాయరన్నమాట" అని మరల అల్లుకొనసాగిరి.

మేము ఆ పత్రమును దిద్దలేదు. మా యింట దిద్దినచో వీధిలో లేసు అల్లు స్త్రీలందరి పత్రములును దిద్దవలసివచ్చును. గడువు మరునాటితో ముగియుచుండెను. ఇది నిజమైన కారణము. ఇంతకంటె గౌరవకరమైన కారణము చెప్పవలెనని యుండెను గాని లేదు.

ఆ తప్పు నియమములది కాదని పాఠకులు గ్రహింపవలెను. కూలి లేకుండ సొంత పొలములోనో కుటుంబ వ్యాపారములోనో చేసినదియు పనియే యని మా కిచ్చిన సూచనలలో స్పష్టముగ నుండెను. అమ్మకమునకు అల్లు లేసు పని యగుటకు సందేహమే లేదు. నియమము మా సంచిలోనే యున్నది; ప్రశ్న మాత్రము మా నోటినుండి వేరుగ వెలువడినది.

లేసు అల్లిక మా ప్రాంతమునకు పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల మూలమున వచ్చినది. ఏజెంటు దారపుకండెలు తెచ్చి యిచ్చును. అల్లిక ముగిసిన పిమ్మట తీసికొనిపోవును. కూలి అల్లినదానికే గాని గడచిన గంటలకు కాదు. గడప దాటనక్కరలేదు గావున, ఆడువారు పనికి పోవుట గౌరవహీనమని తలంచు కుటుంబములలో సయితము ఈ పని ప్రవేశించెను. గడప దాటలేదు గనుకనే అది పనియని యెవరికిని తోచలేదు. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ ప్రాంతమునకు వచ్చి లేసు అల్లు స్త్రీల బ్రతుకును పరిశీలించి, 1982 లో ఒక గ్రంథము ప్రకటించెను. వీరు ప్రపంచ విపణికి సరకు తయారుచేయు కార్మికులే యైనను, తీరికవేళ కాలక్షేపమునకు అల్లుకొను గృహిణులుగా భావింపబడుటచేతనే వీరి ప్రతిఫలము అంత స్వల్పముగ నున్నదని యామె వాదము. ఖండాంతరమునుండి వచ్చిన యామెకు కనబడినది, ఆ యింటనే పుట్టి ఆ కూలితో చదువుకొన్న మాకు కనబడకపోయెను.

ఆ సాయంకాలము తరువాత ఈ లెక్కల సంగతి మాకు మనసున నాటుకొన్నది. దొరికిన నివేదికలన్నియు చదువసాగితిమి. అప్పుడు తెలిసికొన్న వానిలో మొదటిది, స్త్రీల పని విషయమై దేశమునకే మావంటి పొరపాటు జరిగినదని.

1961 జనాభా లెక్కలలో దేశమందలి స్త్రీలలో 100 కి సుమారు 28 మంది పనివారుగ లెక్కకు వచ్చిరి. 1971 లో ఆ సంఖ్య సుమారు సగమునకు పడిపోయెను. ఆ పదేండ్లలో స్త్రీలు ఊడ్పులు మానిరా? పాడి మానిరా? ఏమియు మానలేదు. ప్రశ్న మారినది. 1961 లో, పని కాలములో అధికభాగము దినమునకు ఒక గంటకు మించి పని చేసినవారిని గూడ పనివారిలో చేర్చిరి. 1971 లో "నీ ముఖ్యమైన పని యేది?" అని మొదట నడిగిరి. పొలమునకు పోవు స్త్రీయైనను, తన ముఖ్యమైన పని యేదనగా వంటయింటివైపే చూపును. ఆ ఒక్క ప్రశ్నతో లక్షలాది స్త్రీలు పనివారి పట్టికనుండి జారిపోయిరి. 1991 లో కూలిలేని పొలము పనియు, కుటుంబ వ్యాపారములోని పనియు చేర్చవలెనని ప్రశ్నలోనే స్పష్టముగ వ్రాయవలసివచ్చెను.

నిరుద్యోగమును కొలుచుట ఇంకను కష్టము. పని చేయువానిని చూడవచ్చును. పని లేనివాని మనస్సులోని కోరికను అడిగి తెలిసికొనవలసినదే. ఆచార్య దంత్‌వాలా అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘము, మనవంటి దేశములో నిరుద్యోగులు ఇందరని ఒక్క అంకెతో చెప్పుట తగదని 1970 నాటి నివేదికలో తేల్చెను. దాని ననుసరించి 1972-73 మొదలు జాతీయ నమూనా సర్వేలలో సంవత్సరమంతటిని ఒక విధముగ, గడచిన వారమును ఒక విధముగ, వారములోని దినములను మరియొక విధముగ కొలువసాగిరి. 2017 నుండి శ్రామికశక్తి సర్వే యను పేర ఎడతెగక లెక్కలు తీయుచున్నారు. ఈ శ్రమ యంతయు మెచ్చదగినదే. ఐనను ఆ లెక్కను చదువు తీరు మన గృహములలో తెలియదు గావున ఒక్కసారి విప్పి చెప్పుట మంచిది.

2023-24 సర్వే ప్రకారము స్త్రీలలో నిరుద్యోగము 3.2 శాతము. పత్రికలో ఈ అంకె చూచినవారు, నూరుగురు స్త్రీలలో ముగ్గురికి తప్ప తక్కిన వారందరికి పని యున్నదని తలంతురు. మేమును అట్లే తలంచితిమి. కాని ఆ శాతము స్త్రీలందరిలో తీసినది కాదు. పని చేయుచున్నవారును, పని కోరుచున్నవారును కలిసిన శ్రామికశక్తిలో తీసినది. 15 ఏండ్లు నిండిన వేయిమంది స్త్రీలను ఒక మైదానమున నిలిపితిమనుకొనుడు. ఆ సంవత్సరపు లెక్కప్రకారము వారిలో 417 మంది శ్రామికశక్తిలోనివారు. ఆ 417 లో 3.2 శాతమనగా సుమారు 13 మంది నిరుద్యోగులు. మిగిలిన 583 మంది యే లెక్కలోను లేరు. వారు ఉద్యోగులును కారు, నిరుద్యోగులును కారు. విద్యార్థినులను, వృద్ధులను, అశక్తులను తీసివేసినను అందులో పెద్దభాగము గృహకృత్యముల గడిలోనివారే. పదముగ్గురిని గూర్చి సభలలో వాదములు జరుగును. ఆ 583 మందిని గూర్చి అడుగువారు లేరు.

ఆ గడులకు సంకేతములున్నవి. నిరుద్యోగికి 81. గృహకృత్యములు మాత్రమే చేయు స్త్రీకి 92. గృహకృత్యములతోపాటు కట్టెలు, కూరాకు, పశుగ్రాసము ఏరి తెచ్చుకొనుట, ఇంటివారికై కుట్టుపని చేయుట మొదలగునవి చేయు స్త్రీకి 93. లేసు ఇంటివారికై అల్లినచో 93. అమ్మకమునకై అల్లినచో ఆమె స్వయముగ పని చేయు కార్మికురాలు. ఎవరికొరకు అల్లుచున్నావని ఆమెనే అడిగినగాని ఈ భేదము తేలదు. అరుగుమీది పురుషుడు "ఏదో అల్లుకుంటూ ఉంటుందండి" అనిన చాలును, ఆమె గడి మారిపోవును.

ఉద్యోగవిరమణ చేసిన పిదప, ఆ నాలుగు వీధులకే మరల పోవలెనని మాకు బుద్ధి పుట్టినది. ఈసారి ప్రభుత్వ పత్రము లేదు; ఒక నోటుపుస్తకము మాత్రము. పరాయి యిండ్ల స్త్రీలను పురుషుడు ప్రశ్నించుట బాగుండదు గావున మా యింటివారిని వెంట దీసికొని పోయితిమి. మొదటి యింట మేమే అలవాటు చొప్పున, "ఏమి పని చేయుదువమ్మా?" అని యడిగితిమి. ఆ స్త్రీయు, పూర్వము ఆమె భర్త చెప్పినట్లే, "ఏమీ లేదండి" అనెను. ఇంతకాలము పురుషులు దాచిరని తలంచియుంటిమి. స్త్రీలును తమ పనిని పనియనుకొనుట మానిరని అప్పుడు తెలిసినది. మా యింటివారు మమ్ము అరుగుమీదనే కూర్చుండుమని సైగచేసి, లోపలికి పోయి, "పొద్దున లేచింది మొదలు ఏమేం చేశావో చెప్పు వదినా" అని ఆరంభించిరి. అరగంటలో మాకు రెండు పుటలు నిండినవి. గేదెకు మేత, పాలు పితికి కేంద్రమునకు పోయుట, రెండుపూటల వంట, అత్తగారికి స్నానము, మధ్యాహ్నము లేసు, సాయంకాలము మరల గేదె. పాలడబ్బు భర్త పేర వచ్చును. లేసుకూలి పిల్లల పుస్తకములకు పోవును.

రెండవ వీధిలో కూలిపని చేయు ఒక స్త్రీ కనబడెను. ఊడ్పులకు, కలుపుతీతకు పోవును. పూర్వము కోతలకు, నూర్పులకు గూడ పోయెడిది. నేడు డెల్టాలో కోతయంత్రము ఒక పూటలో పొలము కోసి నూర్చి పోవుచున్నది. "పని ఉంటే మేస్త్రి కబురు పెడతాడమ్మా, లేకపోతే ఇంట్లో ఉంటాను. వెతకడానికి ఎక్కడికి పోను?" అని ఆమె ప్రశ్న. సంవత్సరపు లెక్కలో ఈమె సంగతి ఆలోచింపుడు. ఏడాదిలో 30 దినములు పని దొరికినచో, అది ఉపవృత్తిగ నైనను, ఆమె ఉద్యోగస్థురాలే. వారపు లెక్కలోనైతే ఒక దినమున ఒక గంట పని చేసినను చాలును. తక్కిన దినములలో ఆమె కుండలో బియ్యమున్నదో లేదో ఆ గడికి తెలియదు.

మూడవ వీధిలో ఒకే బళ్లో చదివి, ఒకే సంవత్సరము బి.ఇడి. ముగించిన యిద్దరు యువతులు. ఒకామె ఉపాధ్యాయ నియామక ప్రకటనకై ఎదురుచూచుచు చదువుకొనుచున్నది. ఆమె నిరుద్యోగి. రెండవ యామెకు వివాహమై, బిడ్డ పుట్టి, రెండు దరఖాస్తులు వ్యర్థమైన పిదప పుస్తకములు అటకమీదికి చేరినవి. ఆమె అత్తగారిని అడిగినచో గృహకృత్యములనును. ఆమెనే ఒంటరిగ అడిగినపుడు, "ఊళ్లోనే ఏదైనా దొరికితే రేపే చేరతాను పిన్నిగారూ" అనెను. మొదటి యామె నిరాశచెంది రేపు పుస్తకములు మూసినచో దేశములో నిరుద్యోగుల సంఖ్య ఒకటి తగ్గును. ఉద్యోగము దొరికినను అంతే తగ్గును. ఈ రెండు తగ్గుదలలకును పత్రికలో ఒకటే అంకె. చదువు పెరిగినకొలది స్త్రీలలో నిరుద్యోగ శాతము పెరుగుట సర్వేలలో కనబడుచున్నది. చదువే దోషమని కొందరందురు. చదువుకొన్న స్త్రీ తనకు పని కావలెనని పైకి చెప్పగలదు, లెక్కకు వచ్చును. చదువులేని స్త్రీ దొరికిన కూలికి పోవును, లేదా మాటాడక ఊరకుండును. నిరుద్యోగ శాతము తక్కువగనున్న ప్రాంతము సుఖముగనున్నదని దీనివలన చెప్పరాదు.

మన సర్వేలలో, వెదకకపోయినను పనికి సిద్ధముగ నున్నవారిని నిరుద్యోగులలో చేర్చవలెనను నియమమున్నది. అది మంచి నియమమే. కాని సిద్ధమేనా యను ప్రశ్న ఆమె చెవివరకు చేరవలెను గదా! చేరినచో ఏమగునో 2011-12 సర్వే చూపినది. గృహకృత్యములలోనున్న స్త్రీలను, ఇంటివద్దనే పని దొరికినచో చేయుదురా యని విడిగ నడుగగా, పల్లెలలో సుమారు మూడవవంతు, పట్టణములలో నాలుగవవంతునకు మించి, చేయుదుమనిరి. కుట్టుపని కోరినవారే వారిలో అధికము. నిరుద్యోగుల పట్టికలో వీరి పేరులు లేవు.

మరియొక దృష్టాంతము మన రాష్ట్రమునుండియే చెప్పవచ్చును. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము ప్రకారము పనులు 2006 ఫిబ్రవరి 2 వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైనవి. పని ఊరిలోనే, కూలి స్త్రీపురుషులకు సమానము. తరువాతి సంవత్సరములలో దేశమంతట ఆ పనిదినములలో సగమునకు మించి స్త్రీలవే యయ్యెను. గడచిన సర్వేలలో పని కోరనివారుగ నుండిన స్త్రీలు ఎందరో పార పట్టుకొని నిలుచుండిరి. వారికి కోరిక నాడు పుట్టినది కాదు. చేరువలో పని నాడు పుట్టినది.

ఇచ్చట కొందరు పెద్దలు ఒక యాక్షేపణ చేయుదురు. గృహిణి సేవ పవిత్రమైనది. దానిని కూలితో తూచి, ఆమెను నిరుద్యోగి యనుట అవమానము గాదా యని. మాకును ఇంటిపనియందు గౌరవమే. 2024 కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేయు స్త్రీలు దానికి దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులలో ఇంటిపని చేయువారు 88 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. దాదాపు అయిదుగంటల ఆ శ్రమను గౌరవింపదలచినవారు మొదట దానిని పని యని వ్రాయవలెను; లేదా అందులో ఒక గంట తాము పంచుకొనవలెను. 1874 లో వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాల స్థాపించిన కాలమున, ఆడుపిల్లకు చదువేల యనిరి. నేడు చదివించి, పిదప ఉద్యోగమేల యనుచున్నాము. ప్రశ్న ఒక మెట్టు పైకెక్కినది గాని అడుగువారు మారలేదు.

మరికొందరు దీనికి విరుద్ధముగ, పని దొరికిన చేయుదు నన్న ప్రతి స్త్రీని నిరుద్యోగి యన్నచో లెక్క ఉబ్బిపోవు ననుదురు. ఇందు న్యాయమున్నది. అందుకనియే 2013 లో అంతర్జాతీయ కార్మిక గణాంక మహాసభ, పని వేరు, ఉద్యోగము వేరు అని విభజించి, ఇంటివారికై చేయు శ్రమకు పని యను పేరు నిలిపి, పని కోరియు వెదుకజాలని వారికి వేరొక గడి యేర్పరచెను. వారిని నిరుద్యోగులలో కలుపవలదు, కనబడకుండ జేయవలదు. మేము కోరునదియు ఇంతమాత్రమే.

లెక్కకు ఇంత ప్రాధాన్యమేల యనవచ్చును. కుట్టు శిక్షణకేంద్రము ఎచ్చట పెట్టవలెనో, చంటిబిడ్డల కేంద్రము ఏ వేళ తెరువవలెనో, ఏ యూరికి ఉదయపు బస్సు నడుపవలెనో నిర్ణయించువారు మన వీధికి రారు. మన వీధి అంకెనే చూతురు. ఆ అంకెలో లేని స్త్రీకి ఆ బస్సు రాదు. 2017-18 లో 23.3 శాతముగనుండిన స్త్రీల శ్రామికభాగము 2023-24 నాటికి 41.7 శాతమైనదని సంతోషించుచున్నాము. సంతోషింపదగినదే. కాని పని చేయుచున్న ఆ స్త్రీలలో మూడవవంతునకు మించినవారు కుటుంబపు పొలములోనో అంగడిలోనో కూలిలేని సహాయకులు. పని లెక్కకు వచ్చినది. కూలి ఇంకను రాలేదు. రెండును చూచినగాని చిత్రము పూర్తికాదు.

2021 లో జరుగవలసిన జనాభా లెక్కలు వాయిదాపడి, 2027 మార్చి 1 వ తేదీ ప్రమాణముగ జరుగునట్లు 2025 జూన్‌లో ప్రకటన వెలువడినది. లెక్కలవారు వచ్చునపుడు మన గృహములలో చేయదగినవి మూడు గలవు. ఇంటిలోని స్త్రీని గూర్చిన ప్రశ్నకు ఆమెచేతనే సమాధానము చెప్పింపుడు. పురుషులు ఆ నాలుగు నిమిషములు మౌనము వహింపుడు. ఏమి చేయుదువని గాక, ఉదయమునుండి ఏమేమి చేసితివని అడుగుడు. పాడి, అల్లిక, కుట్టు, అంగడిలో కూర్చుండుట, పొలములో సాయము, ఇవియన్నియు చెప్పింపుడు. తుదకు, పని దొరికినచో చేయుదువా, ఎట్టి పని, ఎంత దూరములో, అని అత్తమామల యెదుట గాక విడిగ నడుగుడు. ఈ మూడవ ప్రశ్న మన యింట అడుగుటకు అడ్డులేదు. సమాధానము విని కొందరు ఆశ్చర్యపడుదురు.

మా తల్లిగారు ఇప్పుడు లేరు. ఆమె చివరగ అల్లి ముగింపని లేసుముక్క, సూదితో గూడ, మా యింట పెట్టెలో నున్నది. నోటుపుస్తకములో మొదటి పుట మేము ఆమెకు విడిచితిమి. దానిమీద ఆమె పేరు, వయస్సు వ్రాసి, వృత్తి యను చోట లేసు అల్లిక యనియు, ఎంతకాలమని యున్నచోట నలువది యేండ్లనియు వ్రాసితిమి. ప్రభుత్వ పత్రములో మేము వేసిన గుర్తు అట్లేయున్నది. దానిని దిద్దుట మా తరము కాదు. తల్లులు జీవించియున్న పాఠకులు తమ పత్రములను సరిగ వ్రాయింతురుగాక యని కోరుచు విరమించుచున్నాము.